సాక్‌విల్ కార్వెట్టు ఆత్మకథ

నా పేరు సాక్‌విల్. కెనడా దేశమున న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రములోని సెయింట్ జాన్ రేవున 1941 మే 15వ తేదీని నేను జలప్రవేశము చేసితిని. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండిన ఆ సంవత్సరము ముగియకమునుపే కెనడా నౌకాదళమున కొలువు చేరితిని. నా జాతి యోడలను కార్వెట్టులందురు. తిమింగలములను వేటాడు ఓడల నమూనాపై విలియమ్ రీడ్ అను బ్రిటిషు నౌకాశిల్పి మమ్ము రూపొందించెను. మహాయుద్ధనౌకల నెన్నడును కట్టి యెరుగని చిన్న కార్ఖానాలు సైతము మమ్ము త్వరితముగా కట్టివేయగలుగుటయే మాలోని సుగుణము. 205 అడుగుల పొడవు, ఒక్క ఆవిరియంత్రము, 16 నాట్ల వేగము, ముందువైపున నాలుగంగుళముల ఫిరంగి యొకటి, వెనుకవైపున నీటిలోనికి దొర్లించుటకు డెప్త్ చార్జీలను లోతుబాంబులు: ఇదియే నా సంపద. నేను తరుమవలసిన జర్మను జలాంతర్గామియో, నీటిపై 17 నాట్లకు మించి పరుగిడును. కావలివాని నడక దొంగ పరుగుకంటె మందమైనప్పుడు ఆ యింటి క్షేమమెట్లుండునో మీరే యూహింపుడు.

నా నావికులు పడిన పాట్లు వర్ణనాతీతములు. అల కొంచెము లేచినను నేను ప్రక్కలకు దొర్లుదును. వారు పరుండు గదులలోనికి ఉప్పునీరు చొరబడి, దుప్పటి మొదలు రొట్టె వరకు సమస్తమును తడిసిపోవును. అయినను, ఆహారమును, చమురును, ఆయుధములను మోసికొని బ్రిటనుకు పోవు వర్తకనౌకల బారులను విడువక, అట్లాంటిక్ మహాసముద్రమును ఈ దరినుండి ఆ దరికిని, ఆ దరినుండి ఈ దరికిని వారు నడిపించిరి.

నా యడుగుభాగమున ఆస్డిక్కు అను యంత్రముండెడిది. అది నీటిలోనికి ధ్వనిని పంపి, జలాంతర్గామి యుక్కుదేహమును తాకి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి శత్రువు దిక్కును దూరమును తెలుపును. కాని యా ధ్వని ముందునకే పోవునుగాని క్రిందికి పోదు. కావున శత్రువును సమీపించినకొలది ప్రతిధ్వని క్షీణించి, మేము సరిగా వాని నెత్తిపైకి చేరవలసిన క్షణమున నాకు చెవుడు వచ్చెడిది. ఆ నిశ్శబ్దములోనే వాడు ప్రక్కకు తప్పుకొనెడివాడు. నా డెప్త్ చార్జీలు శూన్యజలమున ప్రేలెడివి. 1942 ఆగస్టు మొదటి వారమున, న్యూఫౌండ్‌లాండ్ చేరువ దట్టమైన పొగమంచులో, ఓఎన్ 115 అను ఓడలబారుకు కావలి కాయుచు, నా కప్తాను ఆలన్ ఈస్టన్ ఆజ్ఞచొప్పున నేను రెండు జలాంతర్గాములతో పోరాడితిని. యు-43 నా డెప్త్ చార్జీల తాకిడికి నీటిపైకి పొర్లివచ్చి మరల మునిగెను. యు-552 బురుజును నా ఫిరంగిగుండు చీల్చెను. రెండును గాయపడెను, రెండును ప్రాణములతో తప్పించుకొనెను. ధైర్యమునకు లోటు లేదు. చాలనిది జ్ఞానమును, సాధనమును.

అవి యెట్లు సమకూడినవో చెప్పుటయే నా ముఖ్యోద్దేశము. ఒక్క అద్భుతాయుధము మమ్ము గెలిపించినదని చెప్పువారితో నేనేకీభవింపజాలను. శత్రుసేనాని డోనిట్జ్ తన జలాంతర్గాములను గుంపులుగా కూర్చి, తీరమునుండి రేడియోద్వారా నడిపించెడివాడు. అవియును మాటిమాటికి వార్తలు పంపవలసివచ్చెడిది. ఆ సంభాషణమే వారిపాలిటి శాపమయ్యెను. వార్త అర్థము తెలియకున్నను, అది యే దిక్కునుండి వచ్చెనో కనుగొను యంత్రములు కావలియోడలపై వెలసినవి; అర్థమును ఛేదించు పండితులు ఇంగ్లండులోని బ్లెచ్లీలో నుండిరి. 1942 అక్టోబరు 30న మునుగుచున్న యు-559లోనికి దిగి, సంకేతపత్రములను పైకందించి, దానితోకూడ జలసమాధియైన బ్రిటిషు నావికులు ఫాసన్, గ్రేజియర్‌ల త్యాగమును ఆ పండితుల విజయమునుండి వేరుచేయరాదు.

1940లో బర్మింగ్‌హామ్‌లో ర్యాండల్, బూట్ అను శాస్త్రజ్ఞులు నిర్మించిన మాగ్నెట్రాను అను సాధనము వలన పది సెంటీమీటర్ల రాడారు పుట్టి, చీకటిలో నీటిపై తేలు బురుజును మాకు చూపెను. హెడ్జ్‌హాగ్ అను ఆయుధము ఇరువదినాలుగు గుండ్లను మాకు ముందుగా విసరి, చెవుడు రాకమునుపే శత్రువును కొట్టు వీలు కల్పించెను. లివర్పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అను కప్తానును, నౌకాదళపు యువతులును ఒక గదినేలపై సుద్దతో సముద్రమును గీసి, చిన్న కొయ్యబొమ్మలతో యుద్ధమాడి, శత్రువు రాత్రివేళ వెనుకనుండి ఓడల వరుసలమధ్యకే చొరబడుచున్నాడని నిరూపించిరి; సముద్రమున నెరసిన కప్తానులు ఆ యువతులయొద్ద పాఠము నేర్చిరి. బ్లాకెట్ పండితుని బృందము బారు పెద్దదైనకొలది నష్టము తగ్గునని గణించెను. ఏలయన ఓడలు నాలుగింతలైనను, కావలి కాయవలసిన చుట్టుకొలత రెండింతలే యగును.

ఆకాశమును మరువరాదు. జలాంతర్గామి నీటిలోపల మందగామి. దాని బాటరీలు త్వరలోనే యుడుగును. విమానము తలపై కనబడినచాలు, అది మునిగి వెనుకబడిపోవును, ఓడలబారు సాగిపోవును. సముద్రమధ్యమున విమానమందని యెడము మిగిలియున్నంతకాలము వారిదే రాజ్యము. దూరగామియగు లిబరేటరు విమానములును, చిన్న విమానవాహకనౌకలును 1943 వసంతమున ఆ యెడమును పూరించెను. అది పూడకమునుపు, ఆ యేటి మార్చినెలలో, రెండు ఓడలబారులనుండి ఇరువదిరెండు నౌకలు మునిగినవి. పూడిన పిమ్మట, మే నెలలో, నలువదియొక్క జలాంతర్గాములు నశించినవి. మే 24న డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్‌నుండి తన బలగమును మరలించుకొనెను. పండితుని లెక్క, యువతి సుద్దగీత, వైమానికుని చూపు, నావికుని చేయి ఒకే ఋతువున ఒకదానినొకటి అందుకొనుటచేతనే యిది సాధ్యమయ్యెను.

పిమ్మట 1944లో నా బాయిలరు చెడుటచే పోరు చాలించితిని. యుద్ధానంతరము చిరకాలము సముద్రశాస్త్రజ్ఞులను మోసితిని. నా తోబుట్టువులు కొందరు మునిగిపోగా, తక్కినవారు ముక్కలై పాతయినుములో కలిసిపోగా, నేనొక్కతెను హాలిఫాక్సు రేవున మిగిలియున్నాను.

చదువరులారా! మా విజయకారణములు లెక్కించునప్పుడు, తుపాకియైన సరిగాలేని వర్తకనౌకలలో పనిచేసిన సామాన్యులను మొదట లెక్కింపుడు. వారిలో లస్కర్లనబడు భారతీయ నావికులు వేలకొలది యుండిరి. బాయిలరు గదులలో బొగ్గు వేయుచు మునిగినవారు వారిలో ననేకులు. ఒక యోడ మునిగి బ్రతికి బయటపడినవారు మరియొక యోడ యెక్కిరి. వారెక్కకపోయినచో మేము కావలి కాయుటకు ఓడలే యుండెడివి కావు.