బాక్స్ స్కోర్ బాబాయ్

డాలస్ చుట్టుపక్కల అర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన చోటల్లా ఈయన ఉంటారు. హాల్లో పెద్ద టీవీ మీద డాలస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ ఆట నడుస్తూంటుంది. పిల్లలు సోఫాలెక్కి గోల చేస్తూంటారు. ఈయన టీవీకి వీపు తిప్పి కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అదే ఆట తాలూకు బాక్స్ స్కోర్ ఫోన్లో చదువుకుంటూంటారు. "ఆట చూడరా బాబాయ్?" అంటే, "చూస్తున్నాగా!" అని ఫోనెత్తి చూపిస్తారు.

బాక్స్ స్కోర్‌లో ఆటగాడికో వరస. ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎన్ని షాట్లు వేస్తే ఎన్ని పడ్డాయి, గురి తప్పి ఎగిరొచ్చిన బంతిని పట్టిన రీబౌండ్లెన్ని, సాటివాడు బుట్టలో వేసేలా బంతి అందించిన అసిస్టులెన్ని, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాడు. చివర్న ప్లస్ మైనస్: అతను కోర్టులో ఉన్నంతసేపూ జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్ళింది, ఎన్ని వెనకబడింది అనే లెక్క. బాబాయ్‌కి ఆ గళ్ళే ఆట. పరుగులూ దూకుళ్ళూ చెమటా అన్నీ ఆ గళ్ళు నింపడానికి పడే అవస్థ.

ఈ జబ్బు ఇక్కడ అంటుకున్నది కాదు. తెనాలిలో చదువుకునే రోజుల్లో పొద్దున్నే పేపర్లో రంజీ స్కోర్లు బట్టీ పట్టిన మనిషి. వైటూకే ఉద్యోగాల గాలికి టెక్సాస్‌లో వచ్చిపడ్డాక పేపర్లో క్రికెట్ కనబడక, కనబడిన అంకెల్నే పట్టుకున్నారు. అవి బాస్కెట్‌బాల్‌వని ఆయనకి తర్వాతెప్పుడో తెలిసిందని మా పిన్ని అంటుంది. బంతి మాత్రం ఈనాటికీ ముట్టుకోలేదు.

ఆయనకి ప్రాణమైన ఆట 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలో, చాక్లెట్ల ఊరు హెర్షీలో జరిగింది. ఫిలడెల్ఫియా వారియర్స్ తరఫున విల్ట్ చాంబర్లిన్ ఒక్కడే న్యూయార్క్ నిక్స్ మీద 100 పాయింట్లు కొట్టాడు. 63 షాట్లలో 36, ఫౌలైతే దక్కే ఫ్రీ త్రోలు 32లో 28. బాబాయ్ దీన్ని విష్ణు సహస్రనామంలా అప్పజెబుతారు. ఆ ఆట టీవీలో రాలేదు, ఫిల్మ్ లేదు. కళ్ళారా చూసింది హాల్లో ఉన్న 4,124 మందే. మిగతా లోకంలో చాలామందికి దక్కింది బాక్స్ స్కోర్. అంటే లోకమంతా బాబాయ్ పక్కన చేరి, టీవీకి వీపు తిప్పి కూర్చున్న రోజది. నచ్చదా మరి!

"ఆట 48 నిమిషాలు. ఆ సీజన్లో చాంబర్లిన్ సగటున 48.5 నిమిషాలు ఆడాడు. ఎలా?" ఇండియా నుంచి కొత్తగా దిగిన ఏ అల్లుడికీ ఈ ప్రశ్న తప్పదు. స్కోరు సమమైతే ఆడించే ఓవర్‌టైముల వల్ల అని చెప్పగలిగినవాడికి రెండో కాఫీ వస్తుంది.

లెక్క లేని చోట ఆయన అడుగు పెట్టరు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్టీళ్ళు (బంతి లాక్కోవడం), బ్లాకులు (షాటుని అడ్డుకోవడం) రాయడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌ నుంచి. బోస్టన్‌కి 11 టైటిళ్ళు తెచ్చిన బిల్ రసెల్ అప్పటికే రిటైరైపోయాడు.

"రసెల్ ఎన్ని బ్లాకులు చేశాడు బాబాయ్?"

"డేటా లేదు."

"అంటే చెయ్యలేదా?"

"చెయ్యలేదన్నానా? డేటా లేదన్నాను."

ఇంట్లో కూడా ఇదే భాష. సత్యనారాయణ వ్రతానికి ఎందుకు రాలేదండీ అంటే "డీఎన్‌పీ, కోచ్ నిర్ణయం" అంటారు. బెంచీ మీదే ఉండిపోయిన ఆటగాడి పేరు పక్కన బాక్స్ స్కోర్‌లో రాసే మాట అది. ఆ కోచ్ ఎవరో మా వాళ్ళందరికీ తెలుసు. 2017లో మిల్వాకీ ఆటగాడు టోనీ స్నెల్ ఒక ఆటలో 28 నిమిషాలు కోర్టులో ఉండి పాయింట్లు సున్నా, రీబౌండ్లు సున్నా, అసిస్టులు, స్టీళ్ళు, బ్లాకులు అన్నీ సున్నాలతో బయటికొచ్చాడు. పండక్కి వచ్చిన సొంత అల్లుడు కంచమైనా తియ్యకుండా, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోతే, కారు మలుపు తిరిగేదాకా ఆగి, "స్నెల్!" అన్నారట.

రికీ డేవిస్ కథ చెప్పేటప్పుడు మాత్రం గొంతు పూడుకుపోతుంది. 2003లో తన జట్టు క్లీవ్‌లండ్ గెలిచేసిన ఆటలో, ట్రిపుల్ డబుల్‌కి (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ పదికి చేరడానికి) ఒక్క రీబౌండు తక్కువై, ఆఖరి క్షణాల్లో అతను సొంత బుట్ట మీదికే బంతి విసిరి తనే పట్టుకున్నాడు. లీగ్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పైగా సొంత జట్టే 25 వేల డాలర్లు జరిమానా వేసింది. "తొమ్మిది దగ్గర ఆగిపోతే మనిషికి నిద్రెలా పడుతుందిరా?" అంటారు బాబాయ్. ఆయనకి పట్టదు. రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ కనబడితే, ఫోన్లో పదివేల అడుగులకి ఇంకా కొన్ని తక్కువున్నాయని అర్థం.

ఇక అప్పటి మావెరిక్స్ ఆటగాడు లూకా డాంచిచ్ సంగతి. 2022 డిసెంబర్ 27న నిక్స్ మీద 60 పాయింట్లు, 21 రీబౌండ్లు, 10 అసిస్టులు. లీగ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ ఒక్క ఆటలో అలా చెయ్యలేదు. చివరి సెకన్లలో డాలస్ మూడు పాయింట్లు వెనక. లూకాకి రెండు ఫ్రీ త్రోలు. మొదటిది వేశాడు. రెండోది కావాలనే రింగుకి కొట్టి, గుంపులో ఎగిరొచ్చిన బంతిని అందుకుని బుట్టలో వేసి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైములో 126-121తో గెలిచారు. హాల్లో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లుతున్నారు. బాబాయ్ ఫోన్లోంచి తలెత్తారు. "అంతా బానే ఉంది గానీ, ఫ్రీ త్రోలు 22లో ఆరు పోగొట్టాడు. ప్రాక్టీసు చాలదు."

ఆ ఆరోది పోగొట్టబట్టే గెలిచారని చెప్పడానికి వాళ్ళబ్బాయికి రాత్రంతా పట్టింది. "అయితే దానికో గడి పెట్టాలి కదా!" అని ఆయన వాదన. పిన్ని వంటింట్లోంచి అడిగింది: "ఏవండీ, ఇరవై మందికి పెసరట్లు పోసిందాన్ని ఏ గడిలో రాస్తారు?" ఆయన కాసేపు ఆలోచించి, "అసిస్టు" అన్నారు. "అసిస్టేమిటి? అసిస్టు మీది, పాయింట్లు నావి" అంది. ఆ ఇంట్లో ఒక్క గణాంకమైనా సరిగ్గా చెప్పింది ఆవిడే అని నా నమ్మకం.

2025 ఫిబ్రవరిలో మావెరిక్స్ లూకాని లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ని తెచ్చుకున్నారు. అభిమానులు అరీనా బయట నిరసనకి దిగారు. బాబాయ్ ఎక్సెల్ షీట్ తెరిచి ఇద్దరి వయసులూ సగటులూ పక్కపక్కన పెట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చుని, "లెక్కకి అందట్లేదురా" అన్నారు. ఆయన నోట ఆ మాట మేం విన్నది అదొక్కసారే. లూకా వెళ్ళిన లాస్ ఏంజెలెస్‌లో ఆట మొదలయ్యేసరికి డాలస్‌లో చాలాసార్లు రాత్రి తొమ్మిదిన్నర. బాబాయ్ నిద్ర నిమిషాలు అప్పట్నుంచి బాగా పడిపోయాయి.

డాలస్ వస్తే ఆయనింటికి తప్పకుండా వెళ్ళండి. పిన్ని చేతి పెసరట్టు మొహమాటపడకుండా తినండి. ఎన్ని తిన్నారో మీరు లెక్కపెట్టుకోనక్కర్లేదు, ఆయన రాస్తారు. తిన్న కంచం మాత్రం మీరే తియ్యండి.