బీరపూవూ, బంపర్ ఆఫరూ

బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మర్నాటికి వాడిపోతాయి. మూడో అంతస్తు మీదికి తేనెటీగలు రాకపోతే వాటి పని మనమే చేయాలి. గుత్తిలోంచి ఓ మగపూవు తెంపి, రేకలు ఒలిచి, కింద వేలెడు పిందె ఉన్న ఆడపూవు మీద మెల్లగా రాయాలి. లేకపోతే ఆ పిందె పసుపుపచ్చబడి రాలిపోతుంది. అందుకని సాయంత్రం ఆరింటికి "మా బీర పిందెలన్నీ రాలిపోతున్నాయండీ, ఏం చేయమంటారు?" అని ఎవరైనా వాట్సాప్ గ్రూపులో అడిగితే, పొద్దుపోయేలోగా జవాబు అందాలి.

మా మిద్దెతోట గ్రూపులో జవాబు తెలిసినవాళ్లు బోలెడుమంది. కానీ ప్రశ్న వాళ్ల కంటపడాలి కదా! ఆరూ రెండుకి దాని మీద 'ఇంట్లో కూర్చుని రోజుకి 5000 సంపాదించండి' వచ్చి పడుతుంది. ఆ వెనకే షేర్ మార్కెట్ బంపర్ ఆఫరు. బీర పిందె ఆ అడుగున ఎక్కడో ఊపిరాడక ఉంటుంది.

కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి లాంటివాళ్లు మిద్దె మీద కూరగాయలు పండించి చూపించాక, మన ఊళ్లలో కుండీలతో పాటు గ్రూపులూ మొలిచాయి. ఒకప్పుడు గ్రూపుకి 256 మందే. 2022లో అది ముందు 512, ఆ తర్వాత 1024 అయింది. విత్తనాలు పంచుతున్నామని మావాళ్లు గ్రూపు లింకు ఊరంతా తిప్పారు. విత్తనాలు కావలసినవాళ్లు వచ్చారు. అక్కర్లేనివాళ్లు వాళ్లకంటే ముందే వచ్చారు.

వీళ్లలో ఘనుడు శుభలేఖ పంపేవాడు. "మా ఇంట పెళ్లి, తప్పక రావాలి" అని ఓ ఫైలు. చివర చూస్తే ఏపీకే అని ఉంటుంది. ఫోన్లో ఇన్‌స్టాల్ చేసుకోమనే పెళ్లి ఎక్కడైనా ఉందా? నొక్కామో, ఓటీపీలు వాడి చేతికి వెళ్తాయి. ముహూర్తం దాకా ఆగకుండా మన ఖాతాలోంచి చదివింపులు జరిగిపోతాయి.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. వాడు పెట్టేది ఒక్క మెసేజీ. పెట్టేసి వెళ్లిపోతాడు. తర్వాత జాతర జరిపేది మనమే.

"ఎవరండీ ఇది పెట్టింది?"

"అడ్మిన్ గారూ, నిద్రపోతున్నారా?"

"దయచేసి ఎవరూ ఈ లింకు నొక్కకండి." ఈ హెచ్చరిక ఆ లింకుకే రిప్లైగా వస్తుంది. ఇందాక చూడనివాళ్లకి ఇప్పుడు తప్పకుండా కనపడాలని కాబోలు.

"నొక్కితే ఏమవుతుందండీ?"

"నేను నొక్కాను, ఏమీ రాలేదు. మళ్లీ పంపగలరా?"

ఆపైన బొటనవేళ్లు, దండాలు. ఈలోగా ఒకాయన సైబర్ నేరాల మీద చాంతాడంత ఫార్వర్డు తెచ్చి పెడతారు. దాని చివర 'మీకు తెలిసిన అన్ని గ్రూపులకీ పంపండి' అని ఉంటుంది. చేతులు మారీ మారీ వచ్చిన మెసేజీని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా 2020లో వాట్సాప్ కట్టడి పెట్టింది. ఆయనకది అడ్డేం కాదు. రిటైరయ్యారు, ఒక్కొక్కటిగా పంపుతారు.

విసిగిపోయిన అడ్మిన్ గారు ఓసారి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకి తాళం వేశారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టయింది. బంపర్ ఆఫర్లు ఆగాయి, బీర గొడవలూ ఆగాయి. ఆ వారమంతా అడ్మిన్ గారి గోంగూర ఫొటోలే. బాగుందని నోరారా చెప్పడానికి కూడా ఎవరికీ వీల్లేకపోయింది.

నిజానికి మంచి సభ్యుడి పని చాలా చిన్నది. మెసేజీ మీద వేలు నొక్కిపట్టి రిపోర్టు చేయడం, అడ్మిన్‌కి విడిగా ఓ మాట చెప్పడం. అడ్మిన్ తలచుకుంటే దాన్ని అందరి ఫోన్లలోంచీ తీసెయ్యగలరు. ఎవరి డబ్బయినా పోయిందంటే గ్రూపులో సానుభూతి సభ పెట్టకుండా ముందు 1930కి ఫోన్ చేయించాలి. ఆ తర్వాత అసలు పని ఉంది: పైకి జరుపుకుంటూ వెళ్లి, మరుగునపడ్డ ఆ ప్రశ్నని పట్టుకుని దానికి రిప్లై కొట్టాలి. రిప్లై కొడితే ఏ పాత మెసేజీ అయినా మళ్లీ అందరి ముందుకీ వస్తుంది. లింకుకి కొడితే లింకు వస్తుంది, బీరకి కొడితే బీర వస్తుంది. గ్రూపు ఏమవుతుందన్నది మనం దేనికి కొడతామన్న దాన్ని బట్టే ఉంటుంది.

పరాయివాణ్ణి తీసెయ్యడం సుళువే. మనవాళ్లని ఏం చేస్తాం? మనదేశంలో ఫోన్లు ఎందుకిలా నిండిపోతున్నాయని గూగుల్ వాళ్లు ఆరా తీస్తే శుభోదయం బొమ్మలు బయటపడ్డాయని 2018లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. అందులో మా గ్రూపు పెద్దాయన వాటా తక్కువేం కాదు. తెల్లారి అయిదింటికల్లా మంచుబిందువుల గులాబీ పెట్టేవారు. ఆ గులాబీకి చీడా ఉండదు, మచ్చా ఉండదు, కుండీ కూడా ఉండదు.

వద్దంటే నొచ్చుకుంటారని అందరూ ఊరుకున్నారు. చివరికి ఓ టీచరమ్మ అడిగింది: "బాబాయ్ గారూ, రోజూ ఎవరిదో గులాబీ ఎందుకండీ? మీ తోటలో కాసిందే పెట్టండి, కళ్లారా చూస్తాం."

పెద్దాయన పొంగిపోయారు. మర్నాడు శుభోదయంతో పాటు తన సొరపాదు ఫొటో పెట్టారు. కాసేపట్లోనే మొదలైంది. "బాబాయ్ గారూ, ఆకు కింద దూదిలా తెల్లగా ఉంది చూడండి, పిండినల్లి. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం." "ఎండలో కొట్టకండి, సాయంత్రం కొట్టండి." "కుండీ చిన్నదైపోయిందండీ." "వెనక ఆ లుంగీ తీసేసి మరో ఫొటో పెట్టండి, తీగ సరిగ్గా కనపడ్డం లేదు."

ఇప్పుడాయన శుభోదయం ఏడున్నర దాటితే గానీ రావడం లేదు. ముందు మేడెక్కి, ఒక్కో ఆకూ తిప్పి చూసి, పురుగుల్ని ఏరి, లుంగీ పక్కకి జరిపి, అప్పుడు ఫొటో తీస్తున్నారు. మిగతా గ్రూపులకి పంపడానికి టైం చాలడం లేదట. ఆ గ్రూపులవాళ్లు మాకు కనీసం ఓ కిలో సొరకాయలైనా బాకీ.