ముప్పై ఎం.ఎల్. మాతృత్వం

మన ఇళ్లలో ఎవరి జీతం ఎంతో, ఎవరికి ఎంత అప్పుందో చివరిదాకా తేలకపోయినా ఫర్వాలేదు. బాలింతకు పాలెన్ని ఉన్నాయో మాత్రం కాన్పయిన మూడో రోజుకల్లా వీధి చివరి ఇంటిదాకా తెలిసిపోవాలి. అడగడానికి అర్హతలేమీ అక్కర్లేదు. పక్కింటి పిన్నిగారు అడగొచ్చు, ఇస్త్రీ బట్టలు తెచ్చినావిడ అడగొచ్చు, న్యూజెర్సీ ఆడపడుచు వీడియో కాల్లో అడగొచ్చు. "పాలు పడ్డాయా?" పడ్డాయంటే, "చాలుతున్నాయా?" చాలుతున్నాయంటే, "మరి పిల్లాడెందుకు ఏడుస్తున్నాడు?" పసివాడు ఉక్కపోతకూ, తడిగుడ్డకూ, ఒళ్లో ఎత్తుకోలేదనీ ఏడుస్తాడంటే ఎవరూ నమ్మరు. ఏడుపుకు ఒకటే అర్థం, దానికి ఒకతే ముద్దాయి.

పూర్వం ఈ కేసులో సాక్ష్యాధారాలు ఉండేవి కావు. నోటిమాట మీదే తీర్పులు. ఇప్పుడు పంపు వచ్చింది. పంపుకు సీసా ఉంది, సీసా మీద గీతలున్నాయి. ఇక చెప్పేదేముంది!

ఒక ఇంట్లో కళ్లారా చూసిన విచారణ ఇది. మంచం మీద అమ్మాయి నైటీ గుండీలు పెట్టుకుంటోంది. అత్తగారు కళ్లజోడు తగిలించుకుని సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. అడుగు గీత దగ్గర పాలు పల్చగా ఊగుతున్నాయి. "ముప్పై కూడా లేవు వదినగారూ" అన్నారు వియ్యపురాలితో, కట్నంలో ఏదో కోత పడిన గొంతుతో. అమ్మాయి తల్లి తలదించుకుంది, ఆ పాలు తనే తక్కువ పోసినట్టు. అల్లుడుగారు సాఫ్ట్‌వేరు మనిషి కనక ఆ అంకెను ఫోన్లో ఎక్కించారు. పొద్దున నలభై, మధ్యాహ్నం ముప్పై అయిదు, ఇప్పుడు ఇరవై ఎనిమిది. గ్రాఫ్ కిందికి దిగుతోందని అందరికీ చూపించారు. బాలింత రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందన్న అంకె ఆ ఫోన్లో ఎక్కడా లేదు.

విడ్డూరమేమిటంటే, ఆ అత్తగారి పుట్టింట్లో పాడి ఉంది. దూడను వదలందే గేదె చేపదని ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కొత్త మనిషి వచ్చి నిలబడితే పాలు ఎగచేపుతుందనీ, కసురుకుంటే కాలు ఝాడిస్తుందనీ తెలుసు. దూడ ఎంత తాగిందో కొలవడానికి ఆవిడ నాన్నగారు ఏనాడూ గ్లాసు పట్టుకుని వెనకాల నిలబడలేదు. గేదెకు దక్కిన ఆ పాటి మర్యాద కోడలికి దక్కలేదు. నలుగురు చూస్తుండగా, కుట్లు సలుపుతుండగా, బుయ్యిమంటున్న ప్లాస్టిక్ గరాటాకు ఆ పిల్ల చేపాలి. పైగా గీత దాటేలా చేపాలి.

అసలు సంగతి అంత కష్టమైనదేం కాదు. పాలు తయారవడానికి ప్రోలాక్టిన్, బయటికి దిగడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు కావాలి. నొప్పి, భయం, అవమానం రెండో దాని దారికి అడ్డం పడతాయి. రొమ్మును సరిగ్గా పట్టిన బిడ్డ లాగినంతగా చాలా పంపులు లాగలేవు. గరాటా సైజు కుదరకపోతే అసలే లాగలేవు. కాబట్టి సీసాలోకి వచ్చింది పంపు చేతనైన పని. తల్లి దగ్గర ఉన్న పాల లెక్క వేరు. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు ఎటూ చెంచాలతో లెక్కపెట్టేటంతే ఉంటాయి. పసికందు పొట్టకు అదే విందు. ఆ నాలుగు చుక్కలకు మోటారు పెట్టి, ఏమీ రాలేదని ఇల్లంతా గొల్లుమంటుంది. చేత్తో మెల్లగా పిండితే పంపుకు రాని ముర్రుపాలు చెంచాలోకి వస్తాయని అనుభవం ఉన్న ఏ నర్సమ్మ అయినా చెబుతుంది, అడిగితే.

పాలు చాలుతున్నాయో లేదో చెప్పే సాక్షి సీసా కాదు, పిల్లాడి లంగోటా. అయిదారు రోజులు దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా తడుపుతున్నాడా, విరేచనం పసుపురంగుకు తిరిగిందా, పుట్టాక తగ్గిన బరువు రెండు వారాల్లో మళ్లీ ఎక్కిందా, చూడాల్సినవివే. మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. పదోవంతు దాటి తగ్గినా, బిడ్డ మత్తుగా పడి ఉండి తాగడానికి లేవకపోయినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. కానీ తూకం యంత్రం దగ్గర నాటకీయత తక్కువ. అందుకని మనవాళ్లకు సీసాయే ఇష్టం.

ఇప్పుడు పార్టీల సంగతి. మొదటిది రొమ్ముపాల పార్టీ. "అమ్మన్నాక పాలు రాకపోవడమేమిటి, మేం అయిదుగురిని పెంచలేదా" అన్నది వీరి మేనిఫెస్టో. ఆ అయిదుగురిలో ఇద్దరికి దాది పాలో ఆవుపాలో పట్టిన సంగతి మేనిఫెస్టోలో రాయరు. రెండోది పంపు పార్టీ. వీరికి ఫ్రిజ్‌లో తేదీలు రాసిన పాల సంచులు వరసగా కనపడితే తప్ప మాతృత్వం ఉన్నట్టు కాదు. ఈ రెండు పార్టీలూ కలిసి ఏర్పాటు చేసిన సంకీర్ణ ప్రభుత్వం ఒకటుంది: ముందు రొమ్ము పట్టించు, తర్వాత పైపాలు పట్టు, ఆ తర్వాత పంపు పెట్టు, గిన్నెలూ గరాటాలూ కడిగి మరగబెట్టు. తక్కువలో తక్కువ గంటన్నర. రోజుకు ఎనిమిదిసార్లు. పన్నెండు గంటలు పాలకే పోయాయి. మిగిలిన పన్నెండింటిలో ఆవిడ స్నానం, తిండి, కుట్ల నొప్పి, చూడవచ్చిన వాళ్లకు నవ్వుమొహం. కొన్నాళ్ల పాటు, పక్కన సాయం ఉంటే, ఈ పద్ధతి నిజంగా పనికొస్తుంది. నెలల తరబడి ఒంటరిగా చెయ్యమనడం మాత్రం శిక్ష. ఖూనీ చేసినవాడికి కూడా జైల్లో రాత్రి నిద్ర ఉంటుంది.

ఈ పన్నెండు గంటల ఉద్యోగికి పెట్టే భోజనం చూడండి. వేయించిన కారప్పొడి, వెల్లుల్లి, ముద్ద అన్నం. మంచినీళ్లు అడిగితే "పచ్చి బాలింతవు, బిడ్డకు జలుబు చేస్తుంది" అని అరగ్లాసు. కూర లేదు, పెరుగు లేదు, పండు లేదు. కోస్తాలో అయితే సొరచేప పులుసు దొరుకుతుంది, వాళ్లు కాస్త అదృష్టవంతులు. మెంతులు, శతావరి పొడి పాలు పెంచుతాయనడానికి గట్టి రుజువులు లేవు. తింటే తినొచ్చు, నమ్మకానికి ఖర్చు తక్కువ. పాలను పెంచేది మాత్రం పాలు తీసెయ్యడమే. బిడ్డ తాగినా, చేత్తో పిండినా, మిషను లాగినా ఖాళీ అయితేనే మళ్లీ నిండుతుంది. దప్పికతో, నిద్రలేకుండా ఆ పని ఎన్నిసార్లు చెయ్యగలదో అడిగేవారు లేరు.

పాలు నిజంగానే తక్కువయ్యే తల్లులున్నారు. కాన్పులో రక్తం బాగా పోయినవారు, మాయ ముక్క లోపల మిగిలిపోయినవారు, థైరాయిడ్ ఉన్నవారు, రొమ్ముకు ఆపరేషన్ అయినవారు, పాలగ్రంథులే సరిగా ఎదగనివారు. వీరికి కావాల్సింది వైద్యం. మనం ఇచ్చేది వెల్లుల్లి కారం, దాని మీద ఉపన్యాసం. సిజేరియన్ అయ్యాక బిడ్డను ఆలస్యంగా అందిస్తే పాలు పడటమూ ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కోతలే. కోసిన ఆస్పత్రిని ఎవరూ సీసా పట్టుకుని నిలదియ్యరు.

చట్టాలకు లోటు లేదు. డబ్బా పాలకూ పాలసీసాలకూ ప్రకటనలు చెయ్యకూడదని 1992లోనే చట్టం తెచ్చారు. పంపు ఆ జాబితాలో లేదు కనక ఫోన్ తెరిస్తే చాలు, నవ్వుతున్న తల్లి, నిండిన సీసా, సులభ వాయిదాలు. 2017 సవరణతో ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు వచ్చింది. యాభై మందీ, ఆ పైనా పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు అన్నారు. ఆచరణలో, అద్దాల మేడ ఆఫీసులో తాళం పడే గది దొరక్క, టాయిలెట్ మూత మీద కూర్చుని పంపు పెట్టుకుంటున్న టీమ్ లీడర్లున్నారు. బయట నుంచి ఎవరో తలుపు తడుతుంటే ఆక్సిటోసిన్ ఏ గుమ్మం నుంచి రావాలి? ఇక మేస్త్రీ కింద ఇటుకలు మోసే తల్లికి వారాల లెక్కే లేదు, కూలి రోజుల లెక్కే.

ఇంతకీ ఏది మంచిది, రొమ్మా పంపా? బిడ్డ బాగా పట్టి, గుటక వినిపించేలా తాగుతుంటే ఆ బిడ్డనే మాటిమాటికీ పట్టించడం మేలు. పంపు అటక మీద పెట్టొచ్చు. నెలలు నిండక పుట్టి చీకలేకపోతున్నా, రొమ్ము పట్టడం రాకపోయినా, తల్లి ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చినా పంపు దేవుడిచ్చిన వరమే. పంపు చప్పుడు వింటేనే ఏడుపొచ్చే తల్లి దాన్ని మానేసి, తనకున్నన్ని పాలిచ్చి, మిగతాది డాక్టరు చెప్పిన డబ్బా పాలు కొలత తప్పకుండా కలిపి ఉగ్గుగిన్నెతో పడితే ఆ బిడ్డ కూడా చక్కగా ఎదుగుతాడు. సగం పాలిచ్చిన తల్లి సగం తల్లి కాదు. ఎంచుకునే హక్కు మాత్రం రాత్రి రెండు గంటలకు లేచేవాళ్లది. రెండు గంటలకు గురక పెట్టేవాళ్లకు ఈ విషయంలో ఓటు లేదు.

ఈసారి బాలింతను చూడబోతే దయచేసి ఎన్ని ఎం.ఎల్. అని అడక్కండి. వంటింట్లో సింకు నిండా పంపు గరాటాలుంటాయి. చేతులు సబ్బుతో కడుక్కుని వాటిని తోమి, మరగబెట్టి, ఆవిడ మంచం పక్కన చెంబెడు మంచినీళ్లు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చెయ్యండి.