బిళ్ళల బాబాయి

ఎవరికైనా ఒక వస్తువు కావాలంటే నెట్‌లో దాని పేరు కొట్టి వెతుకుతారు. మా బిళ్ళల బాబాయి మాత్రం, తెలియనివాళ్లు దానికి ఏ తప్పు పేరు పెట్టి ఉంటారో ఊహించి, ఆ పేరు కొడతారు. ఆయనకు కావలసినవి నిజాం సంస్థానపు తపాలా బిళ్ళలు. "హైదరాబాద్ అని సరిగ్గా రాసినవాడికి సరుకు విలువ కూడా తెలిసే ఉంటుందిరా. వాడి దగ్గర మనకేం మిగులుతుంది?" అంటారు.

కాదనలేం. సర్కారు కచేరీలు వాడిన నిజాం బిళ్ళల మీద ఉర్దూలో "సర్కారీ" అని ముద్ర ఉంటుంది. స్వీడన్‌లో ఏ ముసలాయనో అటక మీది ఆల్బం దించి, ఆ లిపి చూసి టర్కీ అనో పర్షియా అనో రాసి వేలానికి పెడతాడు. తలకిందులుగా ఫొటో తీసే మహానుభావులూ ఉంటారు. అందుకే బాబాయి ట్రడేరా అనే వేలం సైటులో స్వీడిష్ టర్కీని, డెల్‌కాంప్ అనే ఇంకో సైటులో ఫ్రెంచి పర్షియాని గాలిస్తూ కూర్చుంటారు. 1871 నాటి నమూనా మీద ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగూ ఉంటుంది. ఆ కాస్త తెలుగు కళ్లజూడ్డానికి ఆయన పోలిష్‌లో వెతకాలి!

"రాత్రి బీపీ బిళ్ళ మర్చిపోతారు గానీ, ఈ బిళ్ళలు మాత్రం మర్చిపోరు" అని పిన్ని గొణుగుడు.

బాబాయికి ఎనిమిది భాషలు వచ్చు. ఎనిమిదింటిలోనూ వంకలు పెట్టడమే వచ్చు. జిగురు పోయింది, వెనక పలచబడింది, మూల మడత పడింది, ఎప్పుడో ఆల్బంలో అంటించిన మచ్చ ఉంది. ఇంతకు మించి ఏ భాషలోనూ మంచినీళ్లు కూడా అడగలేరు. బిళ్ళ చేతికొచ్చాక భూతద్దం పెట్టి చుట్టూ పళ్ళు లెక్కపెడతారు. ఒక్క పన్ను పొట్టిగా ఉన్నా "పుచ్చు సరుకు" అని పక్కన పడేస్తారు. ఆయన కట్టుడు పళ్ళు ఆ పక్కనే గ్లాసులో ఉంటాయి.

జర్మన్ల వేలాలు ఎన్నో ఆదివారం రాత్రి ముగుస్తాయి. అక్కడ ఎనిమిదైతే, వేసవిలో మనకు పదకొండున్నర. ఆ వేళకి ఇంట్లో ఎవరూ ఫోన్‌లో వీడియో పెట్టకూడదు, నెట్ నెమ్మదిస్తుంది. ముందే పాట పెంచితే అవతలివాడు మేలుకుంటాడని చివరి పది సెకన్ల దాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు కొడతారు. గెలిచిన బిళ్ళ రెండు యూరోలు. అది ఇల్లు చేరడానికి రిజిస్టరు ఖర్చు దానికి మూడింతలు. ఆ బాధ ఆయనకు లేదు. వచ్చిన కవరు మీద బిళ్ళలు అంటించకుండా అచ్చు చీటీ అతికించి పంపితేనే ఆ పూట అన్నం సయించదు.

పోయినేడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారు. రొట్టెల కొట్లో తనకొచ్చిన జర్మన్ అంతా కూడదీసుకుని "పోస్ట్‌ఫ్రిష్?" అని అడిగారు. ముద్ర పడని, జిగురు చెదరని బిళ్ళని జర్మన్లు అలా అంటారు. కొట్లో అమ్మాయికి "ఫ్రిష్" వరకు అర్థమై, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె చేతిలో పెట్టింది. బాబాయి దాన్ని తిరగేసి, వెలుతురుకి పట్టి, కూతురి చెవిలో అన్నారట: "అడుగున పలచబడిందే. ధర తగ్గించమను."