మూడో బెంచీ పెద్దాయన

చర్చిలో మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. రెండో బెంచీలో ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబం కూర్చుంటుంది, వాళ్లకింకా సంగతులు తెలియవు గనక. మూడో బెంచీలో నడవ పక్క సీటు మాత్రం పెద్దాయనది. పత్రమేమీ రాసివ్వలేదు. తెలియక ఎవరైనా అక్కడ కూర్చుంటే ఆయన పల్లెత్తు మాట అనరు. పక్కనే నిలబడి కీర్తనల పుస్తకం తెరుస్తారు, అంతే. రెండో చరణం అయ్యేలోగా సీటు ఖాళీ అవుతుంది.

మదనపల్లె, పలమనేరు వైపు పాత మిషన్ చర్చి దేనికి వెళ్లినా ఈయన కనిపిస్తారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మిషన్ స్కూల్లో చేసి రిటైరైన నడక. కమిటీలో పదవి ఉన్నా లేకపోయినా ఆయన పెద్దే. ఈ పెద్దరికం ఇవాళ్టిదా? 1853లో స్కడర్ సోదరులు మొదలుపెట్టిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ డచ్చి రిఫార్మ్‌డ్ సంప్రదాయానిది. పాలన అంతా ప్రెస్బిటేరియన్ పద్ధతి. బిషప్పు ఉండడు, సంఘం ఎన్నుకున్న పెద్దలు పాస్టరు సరసన కూర్చుని తీర్పు చెబుతారు. ఎవరు ప్రభువు బల్లకు రావచ్చు, ఎవరిని కొన్నాళ్లు ఆపాలి, అంతా వాళ్ల చేతిలోనే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్లో ఆంగ్లికన్లతో, మెథడిస్టులతో కలిసి అందరూ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సి.ఎస్.ఐ. అయ్యారు. బిషప్పులొచ్చారు, డయోసిస్ ఆఫీసులొచ్చాయి, పాస్టర్లకు బదిలీలొచ్చాయి. పెద్దాయన తాతకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన తన కొడుక్కి చెప్పలేదు, కొడుకు ఈయనకి చెప్పలేదు.

పెద్దాయన అసలు సత్తా ప్రసంగం వేళ బయటపడుతుంది. పాస్టరు అయ్యగారు వాక్యం చదివి పుస్తకం మూయగానే ఈయన చొక్కా జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీస్తారు. గీతలు కొట్టి గడులు చేసిన పుస్తకం. తేదీ, వాక్యభాగం, చెప్పినవారు, మొదలైన టైము, మొదటిసారి ‘చివరిగా’ అన్న టైము, నిజంగా ముగిసిన టైము. ఆఖరి గడిలో ఒక్క మాట: ‘పర్వాలేదు’, ‘కథలు జాస్తి’, ‘గొంతు బాగుంది’. ‘బాగుంది’ అని ఒంటరిగా రాసిన పేజీ కోసం నేను తిరగేసి చూశాను. ఒకటి దొరికింది. ఆ ఆదివారం కరెంటు పోయి మైకు పనిచేయలేదట.

‘చివరిగా’ అనే మాటకూ అసలు చివరకూ మధ్య దూరాన్ని బట్టి ఆయన పాస్టర్లకు తరగతులు కట్టారు. పది నిమిషాల్లోపు అయితే మంచి సేవకుడు. ఇరవై దాటితే చదువుకున్నవాడు. మూడుసార్లు ‘చివరిగా’ అన్నాక కూడా ‘ఇంకొక్క మాట’ అనేవాడు తప్పకుండా బిషప్పు అవుతాడని ఆయన లెక్క.

ఇన్నేళ్లుగా ఇన్ని ప్రసంగాలు విన్నా, వాటిలో ఒక్కటైనా తన గురించి చెప్పారన్న అనుమానం పెద్దాయనకు కలగలేదు. అయ్యగారు గర్వం మీద చెబుతుంటే ఈయన కళ్లు ట్రెజరర్ మీదికి పోతాయి. పిసినారితనం అనగానే ఎడమవైపు నాలుగో వరసలో చీటీలు నడిపే అమ్మగారి వైపు. నోటి దురుసు సంగతి వచ్చినప్పుడు ఏకంగా వెనక్కి తిరిగి క్వయిర్ మాస్టర్‌ని చూస్తారు, అర్థమయిందా అన్నట్టు తలాడిస్తారు కూడా. పరుల తప్పులెంచవద్దనే ప్రసంగం ఒకసారి వచ్చింది. పెద్దాయన చర్చి అంతా కలయజూశారు. ఇది ఎవరికి తగులుతుందో తేల్చుకోలేక, ఆరాధన అయ్యాక అయ్యగారినే అడిగేశారు.

“ఈపొద్దు వాక్యం బాగుండె అయ్యగారూ. ఎవుర్ని ఉద్దేశించి చెప్పినారు?”

“అందర్నీ సార్, నాతో సహా.”

“అదే అనుకుంటి. మీరు మొన్న కమిటీలో అట్లా మాట్లాడకుండా ఉండాల్సింది.”

కొత్త అయ్యగారు బదిలీ మీద వస్తే ముందుగా ఫోన్లు నడుస్తాయి. పాత పాస్టరేట్లోనూ ఒక పెద్దాయన ఉంటాడు కదా, ఆయనకూ ఒక పుస్తకం ఉంటుంది. “తప్పిపోయిన కుమారుడు మీకాడ చెప్పినాడా?” “రెండుమార్లు. రెండోమారు పందుల కత తగ్గించినాడు.” ఇక్కడ ఆ వాక్యభాగం వచ్చిన రోజున పెద్దాయన పుస్తకం తీయరు. చేతులు కట్టుకుని, పందులు ఎక్కడ వస్తాయో చూస్తూ కూర్చుంటారు. కుర్ర పాస్టర్లు చాలామంది ఈ చూపు కిందే నలిగి కొత్త ప్రసంగాలు రాసుకోవడం నేర్చారు. థియలాజికల్ కాలేజీల వాళ్లు ఈ సేవను ఇంకా గుర్తించలేదు.

పాత మిషన్ దొరల మీద ఆయనకు అపారమైన గౌరవం. మదనపల్లెలో 1863 నుంచి పనిచేసిన జేకబ్ చాంబర్లేన్ వైద్యుడూ, బోధకుడూ కూడా. రోగులకు ముందు వాక్యం వినిపించి, ఆ తర్వాత మందులిచ్చేవాడు. “అదీ పద్ధతి. జరమొచ్చినోడు ఎక్కడికి పోతాడు, ఇనాల్సిందే. ఇప్పుడు అందురూ ఆరోగ్యంగా వస్తావుండారు, అందుకే ముందుగానే లేచిపోతావుండారు,” అంటారు పెద్దాయన.

ప్రకటనలు చదివే పని ఎవరికి అప్పగించినా పెళ్లి ప్రకటన మాత్రం ఆయనే చదవాలి. ఫలానా వారి కుమారుడికీ ఫలానా వారి కుమార్తెకూ పెళ్లి, ఆటంకం తెలిసినవారు తెలియజేయవలెను అని చదివి, కాగితం దించి, కళ్లజోడు పైనుంచి ఒక్కో వరసా చూస్తారు. ఆ నిశ్శబ్దాన్ని ఆయన ఎంత సాగదీస్తారంటే, ఏ పాపమూ ఎరుగని పెళ్లికొడుకు కూడా తన కాలేజీ రోజులు ఒకసారి నెమరేసుకుంటాడు. ఇట్లా మూడు ఆదివారాలు.

ఇక కోతపండుగ. మదనపల్లె అంటే టమాటా మార్కెట్టు గనక ఆ ఏటి ధర తెలుసుకోవడానికి పేపరు చూడనక్కర్లేదు, పీఠం ముందు చూస్తే చాలు. ధర పడిపోయిన ఏడాది కృతజ్ఞత క్రేట్లకు క్రేట్లు వస్తుంది, నడవడానికి చోటుండదు. ధర పలికిన ఏడాది అదే కృతజ్ఞత చిన్న పళ్లెంలో, నాలుగు కాయలుగా, పైన పువ్వు పెట్టి వస్తుంది. ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలం పాట. పాడేది పెద్దాయనే. పాటదారుల్ని ఆయన సరుకు చూపి రెచ్చగొట్టరు, చుట్టరికం ఎత్తుకుంటారు. “గుమ్మడికాయ మూడు నూర్లు. మీ నాయన ఉన్నెప్పుడు అయిదు నూర్లకు తగ్గింది లేదబ్బా.” కొడుకు ఆరు నూర్లకు పాడతాడు. ఆ గుమ్మడికాయనే మళ్లీ చర్చికిస్తాడు, మళ్లీ వేలం. కాయ ఒక్కటే, దాని మీద పడిన ఆదాయంతో ఒక ఏడాది పీఠానికి తెరలొచ్చాయి.

ఫ్యాన్ల సంగతి కూడా చెప్పాలి. చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎర్ర రంగుతో ఎవరిదో ఒకరి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు, ఆగితే చెమట. దాత బంధువులు పైఊరినుంచి వచ్చిన ఆదివారం పెద్దాయన లేచి వెళ్లి స్విచ్చి ఆపుతారు. వాళ్లు తలెత్తి చదువుకుని కళ్లు తుడుచుకున్నాక మళ్లీ వేస్తారు. మే నెలలో ఇద్దరు దాతల చుట్టాలు ఒకేరోజు వస్తే అయ్యగారి ప్రసంగం దానంతటదే పొట్టిదవుతుంది.

ఇన్ని మాటలన్నా, ఎవరైనా పోయారని తెల్లవారుజామున కబురొస్తే అయ్యగారి కంటే ముందు ఆ గుమ్మంలో ఉండేది ఈయనే. సమాధుల తోట తాళం ఆయన దగ్గరే ఉంటుంది. పెట్టె ఎవరు చేస్తారో, పోయిన మనిషికి ఏ కీర్తన ఇష్టమో, ఏ అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారో, వాళ్లను పెట్టెకు చెరోవైపు ఎట్లా నిలబెట్టాలో ఆయనకే తెలుసు. చందా బాకీ ఉన్నవాళ్ల ఇంటికీ అంతే తొందరగా వెళ్తారు. బాకీ సంగతి మాత్రం పదకొండో రోజు దాకా ఎత్తరు.

అయ్యగారికి బదిలీ అయితే వీడ్కోలు సభ. శాలువా కప్పేది పెద్దాయన, ఏడ్చేదీ ఆయనే. ఇలాంటి సేవకుడు మాకు మళ్లీ రాడు అంటారు. ఈ మాట గత అయ్యగారికీ అన్నారు. లగేజీ ఎక్కించి, అమ్మగారికి దారిలో తినడానికి చిత్రాన్నం పొట్లం అందించి, వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యూపుతారు. ఇంటికి చేరేసరికి ఫోను మోగుతూ ఉంటుంది, అవతలి పాస్టరేటు పెద్దాయన.

“ఎట్లాంటోడు?”

“బంగారం లాంటోడు,” అంటూ నోటు పుస్తకం తీస్తారు. “రాసుకో. పందులు మళ్లీ పెరిగినాయి.”