అవ్వా, నీ కారెక్కడ?

కారు కొనాలంటే డౌన్ పేమెంటు, నెలనెలా ఈఎంఐ, బ్యాంకు మేనేజరు దయ ఉండాలని ఇన్నాళ్ళూ పొరబడ్డాను. అవేవీ అక్కర్లేదట. కారున్న ఆసామి పేరుకు మీ పేరు కాస్త దగ్గరగా ఉంటే చాలు. తెలంగాణ సర్కారు వారి 'సమగ్ర వేదిక' ఇలాంటి కార్లను పేదలకు పైసా తీసుకోకుండా రాసిచ్చింది. తాళం చెవి మాత్రం ఇవ్వలేదు. పైగా బియ్యం కార్డు పట్టుకుపోయింది.

ముప్పై దాకా శాఖల జాబితాలను ఒకే రోట్లో వేసి రుబ్బి, పేరూ అడ్రసూ సరిపోల్చి, ఎవరు పేదో ఎవరు కాదో తేల్చే సాఫ్ట్‌వేర్ ఇది. నాలుగు చక్రాల బండి ఉంటే రేషన్‌కు అనర్హులు. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడికి, సగం పేరు కలిసిన ఇంకెవరిదో కారు అంటగట్టి ఆ ఇంటి కార్డు ఎగరగొట్టిన సంగతి పత్రికలకెక్కింది. మూడు చక్రాలు తొక్కేవాడికి నాలుగోది కలిపింది, తప్పేముంది! ఇక యాదగిరులూ మల్లయ్యలూ వీధికి నలుగురున్న రాష్ట్రంలో దాని చేతికి ఎముక ఉంటుందా?

కౌంటర్ దగ్గర మాటలు ఇలా నడుస్తాయి.

"సిస్టమ్ల నీకు కారు చూపిస్తున్నదవ్వా."

"కారా? యాడున్నది బిడ్డా? జెర చూపియ్యి, అమ్మి బాకీ కట్టుకుంట."

"మా చేతుల ఏం లేదు. పైకెల్లి వచ్చింది."

ఈ 'పై' ఎక్కడుందో కనుక్కుందామంటే, డీలరు తహసీల్దారు ఆఫీసుకు పొమ్మంటాడు. అక్కడివాళ్ళు సోమవారం ప్రజావాణికి పొమ్మంటారు. ప్రజావాణిలో అర్జీ తీసుకుని, భద్రంగా మళ్ళీ తహసీల్దారుకే పంపుతారు. పాపం చిత్రగుప్తుణ్ణి ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, ఆయన శిక్షకు ముందు చిట్టా విప్పి చదివి వినిపించేవాడు. ఇక్కడ నోటీసైనా లేకుండా కార్డులు కొట్టేశారని జనం కోర్టుకెక్కాల్సి వచ్చింది. కారుందని రుజువు చెయ్యాల్సింది సర్కారు కాదు, లేదని అవ్వే రుజువు చెయ్యాలి. లేని కారుకు ఆర్సీ ఎక్కడ తెస్తుంది?

రద్దయిన కార్డులు దాదాపు 19 లక్షలు. వాటిని ఇంటింటికీ వెళ్ళి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తొలి విడతలో రెండు లక్షల పైచిలుకు అర్జీలు చూస్తే 15,471 ఇళ్ళవాళ్ళు అర్హులేనని తేలింది. అంటే పదమూడింటికొకటి. నడిరోడ్డు మీద దించేసిన ప్రతి పదమూడు మందిలో ఒకరి చేతిలో టిక్కెట్టు ఉందని తేలితే, ఆ కండక్టరును ఆర్టీసీ ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తే దాని పేరు పారదర్శకత.

వాకిట్లో కారుందో లేదో ఒక మనిషి నడిచి వెళ్ళి చూడటానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది!

సరే, కార్డు తిరిగొచ్చిందనుకుందాం. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టి అరిగిన అవ్వ వేలు ఇప్పుడు రేషన్ షాపు మిషను మీద పడదు. మళ్ళీ తుడుచుకో, మళ్ళీ పెట్టు. ఇన్నేళ్ళ బియ్యానికి పూచీ ఎవరిదో ఒక కాగితం మీద రాయించుకుందామంటే సాఫ్ట్‌వేర్‌కు అసలు వేలే లేదాయె, ముద్ర ఎవరి చేత వేయిస్తాం?