మోగడం వరకే నా పని

నేను వాతావరణ రేడియోని. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, మూర్ అనే ఊళ్లో ఓ మంచం పక్క బల్ల మీద నా కాపురం. పాటలు పాడను, కబుర్లు చెప్పను. జాతీయ వాతావరణ సంస్థ పంపే సంకేతం కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. మా కౌంటీ కోడు 040027తో హెచ్చరిక వచ్చిందంటే అర్ధరాత్రయినా ఇల్లు అదిరేలా కూస్తాను. ఊళ్లో సైరన్లు ఉన్నాయి కదా అంటారు. అవి ఆరుబయట తిరిగేవాళ్ల కోసం. తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లకు నేనే దిక్కు.

మా ఇంటావిడ నన్ను కొన్నది 1999 మే 3 టోర్నడో తర్వాత. ఆ రోజు గాలి వేగం గంటకు 300 మైళ్లు దాటిందని రాడార్ తేల్చింది. ఆవిడ నాతోనే సరిపెట్టుకోలేదు. గ్యారేజీ నేల తవ్వించి ఉక్కు షెల్టర్ దింపించింది. ఇల్లు కూలితే ఎక్కడ వెతకాలో తెలియాలని దాన్ని నగర అధికారుల దగ్గర నమోదు చేయించింది. మనిషికి రోజుకో గ్యాలన్ లెక్కన నీళ్లు, మందులు, టార్చి, ఈల, హెల్మెట్లు, బూట్లు అందులో సర్దింది.

"బూట్లెందుకే?" అంది వాళ్లమ్మ.

"బయటికొచ్చాక కాలు పెట్టిన చోటల్లా మేకులే ఉంటాయమ్మా."

ఏటా వసంతంలో అలమారాలు తెరిచి మరీ ఇల్లంతా వీడియో తీసేది.

2013 మే 20. మధ్యాహ్నం 'వాచ్' వచ్చింది: టోర్నడో పుట్టే వాతావరణం ఉందని. 2.40కి 'వార్నింగ్' వచ్చింది: ఇక కదలండని. 2.56కి టోర్నడో నేల తాకింది. ఆ 16 నిమిషాల్లో ఆవిడ కొత్తగా ఆలోచించాల్సిందేమీ లేదు. తల్లిని దింపింది, నన్ను చంకన పెట్టుకుంది, మూత లాగి గడియ వేసింది. ఆ ఉక్కు పెట్టెలో నాకు గొంతు పెగల్లేదు, గరగరే మిగిలింది.

ఆ టోర్నడోలో 24 మంది పోయారు. వాళ్లలో ఏడుగురు ప్లాజా టవర్స్ బడి పిల్లలు. ఆ బడికి అప్పట్లో షెల్టర్ లేదు.

పైకొచ్చేసరికి పైకప్పు లేదు. గ్యాస్ వాసన తగలగానే ఆవిడ ఏ స్విచ్చూ ముట్టుకోకుండా తల్లిని దూరంగా నడిపించింది. ఒక్క చెక్కముక్క తీయకముందే ఫొటోలు తీసింది. బీమా మనిషికి పాత వీడియో పక్కన ఈ ఫొటోలు పెట్టి చూపిస్తే వాదనే రాలేదు. మొత్తం డబ్బు ముందే ఇమ్మన్న మేస్త్రీని గుమ్మంలోంచే పంపేసింది.

2014లో మూర్ నగరం కొత్త ఇళ్లు గంటకు 135 మైళ్ల గాలికి తట్టుకోవాలని నిబంధన పెట్టింది. మా కొత్త ఇంటి కప్పునూ గోడలనూ పునాదినీ ఇనుప పట్టీలతో బిగించారు. అంతకు మించిన గాలి వస్తే అవీ ఆగవని ఆవిడకు తెలుసు. అందుకే షెల్టర్ అలాగే ఉంచింది. వారం వారం పరీక్ష కూత పెట్టినప్పుడల్లా పెద్దావిడ నన్ను తిట్టిపోస్తుంది. బ్యాటరీలు మార్చేది మాత్రం ఆ పెద్దావిడే.